పాత ఇనుముతో ట్రాక్టరు లోడరు



ఎండాకాలం దుక్కులకు ముందు మన ఊళ్ళలో ఏ పని జరుగుతుందో మీకు నేను చెప్పవలసినది లేదు. పెంటకుప్ప తవ్వాలి, ట్రాలీ నింపాలి, పొలానికి తోలాలి. ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు వేయమని వ్యవసాయ శాఖవారు ఏనాటినుంచో చెబుతున్నారు. మనమూ సరేనంటున్నాము. అయితే 4 టన్నులంటే ఎంత? తట్టకు 20 కిలోల చొప్పున 200 తట్టలు. 5 ఎకరాలున్న రైతుకు 1,000 తట్టలు. ఒక్కొక్క తట్ట పారతో నింపి, నెత్తికెత్తుకొని, ట్రాలీ గోడ మీదుగా లోపల పోయవలెను. కోరుట్ల వైపు పసుపు వేసేవారికి ఇంతకన్న ఎక్కువ ఎరువే కావలసి ఉంటుంది. మనుషులు దొరకక ఎరువు కుప్పలోనే మిగిలిపోయి, పొలం యూరియాతోనే సరిపెట్టుకొంటున్నది.

ఇక యాసంగి వడ్ల సంగతి. కాలువ నీళ్ళు, బావి నీళ్ళు పెట్టి పండించిన వడ్లు కల్లంలోనో, కొనుగోలు కేంద్రం దగ్గరో ఆరబోసి ఉంటాయి. ఏప్రిల్ నెలలో సాయంత్రం పూట మబ్బు పడుతుంది. 100 సంచుల వడ్లంటే, సంచికి 40 కిలోల లెక్కన, 4 టన్నులు. గాలిదుమారం లేచి చినుకు పడేలోపల వాటిని కుప్ప చేసి టార్పాలిన్ కప్పవలెను. ఇంట్లో ఆలుమగలు ఇద్దరే ఉంటే చేతనవుతుందా? తడిసిన వడ్లకు తేమ ఎక్కువ, మొలక భయం, తూకం దగ్గర మాటలు పడవలసి రావడం, ఇవన్నీ మనం అనుభవించినవే.

ఇంటి ముందర ట్రాక్టరేమో నిలబడి ఉంటుంది. 40 గుర్రాల బలం దానిది. దున్నుతుంది, లాగుతుంది గాని ఎత్తి పోయదు. గంట పనికి జేసీబీని పిలిస్తే అది పెద్ద పని ఉన్నచోటికి పోతుంది గాని మన పెంటకుప్ప దగ్గరికి రాదు. అందువల్ల పెగడపల్లిలోగాని, జగిత్యాల, సిరిసిల్ల పక్కల ఊళ్ళలోగాని, చేతిలో పని ఉన్న రైతుకు ఒక ఆలోచన తప్పక వస్తుంది. పాత సామాను దుకాణంలో లారీ ఛానళ్ళున్నాయి, విరిగిన టిప్పరు జాకీలున్నాయి, వెల్డింగు మేస్త్రీ మనవాడే. మరమగ్గాల ఊరైన సిరిసిల్లలో లేతు పనివారికి కొదువ లేదు. ట్రాక్టరు ముందర ఒక ఎత్తుడు బకెట్టు మనమే ఎందుకు కట్టుకోరాదు?

కట్టుకోవచ్చును. ఈ ఆలోచనను చూసి నవ్వవలసిన పని లేదు. మనం జేసీబీ అని పిలిచే యంత్రం పేరు ఒక మనిషి పేరే. ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో, యుద్ధం ముగిసిన ఏడు, ఒక చిన్న గ్యారేజీలో కూర్చొని, యుద్ధంలో మిగిలిన పాత ఇనుముతో, కొన్న పాత వెల్డింగు సెట్టుతో ఒక ట్రాలీ తయారు చేసినాడు. సంతలో 45 పౌన్లకు అమ్మినాడు. తరువాత ట్రాక్టర్లకు లోడర్లు, 1953లో ముందర బకెట్టు, వెనుక తవ్వే చేయి ఉన్న యంత్రం చేసినాడు. ఆ కంపెనీ 1979లో మన దేశంలో బల్లభ్‌గఢ్‌లో అడుగు పెట్టింది. మన దగ్గరా అటువంటి బుర్రలు లేకపోలేదు. వేములవాడ దగ్గర హన్మాజీపేట జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు, కల్లం దగ్గర వడ్లు సంచులకెత్తే కష్టం చూసి, ఒక్క మనిషే వడ్లు ఎత్తి సంచి నింపుకొనే బండి చేసినాడు. 2019లో అది జాతీయ స్థాయి ఇన్‌స్పైర్ పోటీ దాకా పోయి పేరు తెచ్చుకొన్నది.

కనుక చేయవచ్చునా అనేది ప్రశ్న కాదు. ఎంత బరువుకు చేయవలెను అనేదే ప్రశ్న. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఏం జరిగిందో చెబుతాను.

మేము ఒక టిప్పరునుంచి విప్పిన రెండు జాకీలు తెచ్చినాము. లోపలి కొలత 80 మిల్లీమీటర్లు. లారీ ఛానళ్ళతో చేతులు కట్టినాము. బకెట్టు పెద్దగానే చేసినాము, మళ్ళీ మళ్ళీ చేయము గదా అని. పెంట ఎత్తితే పువ్వు లెక్క ఎత్తింది. ఊరంతా చూసి మెచ్చుకొన్నది. మరునాడు చెరువు మట్టి తెచ్చి గట్టు పోసుకొందామన్నాము. మా అన్న ట్రాక్టరు మీద ఉన్నాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. బకెట్టు నిండుగా తడిమన్ను. మా అన్న ఆగి అడిగినాడు, "ఏం తమ్మీ, ఎత్తుతదా?" అని. "జాకీ మంచిగున్నదే అన్నా, ఎత్తు" అన్నాను. ఎత్తింది. జాకీ తన పని తాను చేసింది. పది గజాలు పోయి చిన్న బోదె దాటగానే ముందర కుడి చక్రం దగ్గర ఇరుసు మెడ వంగి, చక్రం పక్కకు ఒరిగిపోయింది. బండి ముక్కు నేలకు తగిలింది, వెనుక ఎడమ చక్రం పైకి లేచింది. మా అన్న స్టీరింగు పట్టుకొని ఉన్నాడు కాబట్టి కింద పడలేదు. బండి ఇంకొక జానెడు ఒరిగి ఉంటే ఈ మాట నేను ఇంత తాపీగా చెప్పగలిగేవాణ్ణి కాదు. వదిన ఆ రోజు నాతో మాట్లాడలేదు.

తప్పు జాకీది కాదు, వెల్డింగుదీ కాదు. లెక్కది.

దయచేసి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మన ఏతం గుర్తున్నది గదా. మొన దగ్గర చిన్న బరువైనా మొదటికి పెద్ద బరువుగా తోస్తుంది. ట్రాక్టరు కూడ ఏతమే. ఒక మామూలు ట్రాక్టరు 1,900 కిలోలున్నదనుకొందాము. అందులో ముందర ఇరుసు మీద 700, వెనుక చక్రాల మీద 1,200. ముందు చక్రానికి, వెనుక చక్రానికి నడుమ 1.9 మీటర్ల దూరం. లోడరు చేతులు, బకెట్టు కలిసి 250 కిలోల ఇనుము. దాని బరువు ముందర ఇరుసుకన్న 60 సెంటీమీటర్లు ముందుగా పడుతుంది. బకెట్టులో 300 కిలోల సరుకు. అది ఇరుసుకు 1.2 మీటర్లు ముందున్నది. ఇప్పుడు ముందర ఇరుసు మీద ఎంత పడుతుంది? 700కు 550 కలిపి 1,250 అంటారా? కాదు. ముందుకు వేలాడే బరువు వెనుకనుంచి కూడ బరువును గుంజుకొని ముందర వేస్తుంది. ఆ 300 కిలోలు ఇరుసు మీద 490 అవుతాయి. ఆ 250 కిలోల ఇనుము 330 అవుతుంది. మొత్తం 1,520 కిలోలు. కంపెనీవారు ఖాళీ బండికి పెట్టిన దానికి రెండింతలు మించింది. వెనుక చక్రాల మీద 1,200 ఉండేది 930కి తగ్గింది. బ్రేకులు పట్టేది వెనుక చక్రాలకే అని మరువకండి.

ఇది బండి నిలిచి ఉన్నప్పటి లెక్క. బోదె మీద ఎగిరితే ఆ క్షణంలో ఎంత పడుతుందో ఊహించుకోండి.

ఇక బకెట్టులో ఏమి పోస్తున్నామనేది చూడండి. 300 లీటర్లు పట్టే బకెట్టులో వడ్లు పోస్తే సుమారు 170 కిలోలు. కొంచెం తడిగా ఉన్న పెంట అయితే 210. తడిమన్ను అయితే 510. బకెట్టు ఒకటే, కంటికి ఒకే తీరుగా నిండింది, బరువు మూడింతలు. మేము మోసపోయినది ఇక్కడనే.

జాకీ సంగతి కూడ లెక్క వేసుకొందాము. లోపల 50 మిల్లీమీటర్లున్న చిన్న జాకీయే చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడిమీద సుమారు 2,900 కిలోల బలంతో తోస్తుంది. రెండు జాకీలు 5,800. చేతి పొడవు వల్ల అందులో అయిదో వంతే బకెట్టు దగ్గరికి చేరిందనుకొన్నా 1,100 కిలోలకు పైమాటే. అంటే చిన్న జాకీ కూడ మన ఇరుసు మోయగలిగినదానికన్న ఎక్కువ ఎత్తగలదు. 80 మిల్లీమీటర్ల టిప్పరు జాకీ ఒక్కొక్కటి 7,500 కిలోలు తోస్తుంది. అంత బలం మనకెందుకు? పైగా నూనె ఎక్కువ తాగుతుంది. 60 సెంటీమీటర్ల దూరం జరగడానికి రెండు చిన్న జాకీలకు రెండున్నర లీటర్లలోపే చాలు; రెండు పెద్ద జాకీలకు 6 లీటర్లు కావాలి. నిమిషానికి 20 లీటర్లు తోసే పంపు అయితే మొదటిది 7 సెకన్లలో లేస్తుంది, రెండవది 18 సెకన్లలో. ఆ 6 లీటర్లూ ట్రాక్టరు గేరుపెట్టెలోనుంచే పోతాయి.

నా సలహా ఇది. బకెట్టు 200 లీటర్లకు మించి చేయకండి. అంటే ఒక డ్రమ్ము కొలత. పెంట 140 కిలోలు పడుతుంది, వడ్లు 115. పొరపాటున ఎవరైనా తడిమన్ను నింపినా 340 దగ్గర ఆగిపోతుంది. పెద్ద బకెట్టు చేసి సగమే నింపుకొంటాములే అంటే, ఆ మాట మొదటి రెండు రోజులే నిలుస్తుంది. 4 టన్నుల పెంటకు ఈ చిన్న బకెట్టుతో 30 సార్లు పోయి రావలెను. 200 తట్టలకన్న 30 బకెట్లు మేలు గదా. మీ బండి ముందర ఇరుసు ఎంత మోయగలదో కంపెనీ పుస్తకంలో చూసుకొని, నా లెక్కలో మీ అంకెలు వేసుకోండి.

రెండవది, వెనుక బరువు. ఇది లేకుండ లోడరు నడపడం కావడిలో ఒక కుండ తీసివేసి నడిచినట్లే. వెనుక లిఫ్టుకు 300 కిలోల బరువు తగిలించండి. 125 లీటర్ల కాంక్రీటు అంత తూగుతుంది. ఇంచుమించు రెండు వంతుల డ్రమ్ము. అది వెనుక ఇరుసుకు 90 సెంటీమీటర్లు వెనుకగా ఉంటే, పైన చెప్పిన 1,520 కిలోలు 1,380కి దిగుతుంది, వెనుక చక్రాల బరువు 930నుంచి 1,370కి పెరుగుతుంది. ఇంకొక ఉపాయమేమంటే, కాంక్రీటుకు బదులు లిఫ్టుకు ఒక ఇనుప పెట్టె కట్టుకొని అందులో రాళ్ళు నింపండి. రాళ్ళు తీసివేస్తే అదే పెట్టె విత్తనాల సంచులు, నారుకట్టలు మోసుకొని పోవడానికి పనికివస్తుంది. ట్రాలీలోకి ఎత్తి పోసే పని లేనివారికి, పెంట దగ్గరి పొలానికి తోలుకొనేవారికి, ముందర లోడరు అసలే వద్దు. వెనుక పెట్టె ఒక్కటే చాలు. దానికి జాకీలు వద్దు, గొట్టాలు వద్దు. అయితే అప్పుడు ముందర తేలికవుతుంది. బండి బరువులో అయిదో వంతైనా ముందు చక్రాల మీద ఉండకపోతే స్టీరింగు మాట వినదు.

ఇప్పుడు సామాను ఎంపిక. లారీ ఛాసిస్ ఛానలు చేతులకు మంచిది. రెండు చేతులను అడ్డంగా కలపడానికి బోరుబావినుంచి పీకిన పాత కేసింగు పైపు ఉంటే అంతకన్న గట్టిది వేరే లేదు, మెలిక తిరగనివ్వదు. సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమని మోగితే తీసుకోండి, బొద్దుగా పలికితే లోపల తుప్పు తిన్నదని తెలుసుకోండి.

బకెట్టు అంచుకు కమాను పట్టీ వేస్తారు. మంచిదే, అరగదు. కాని దానిని వెల్డింగు చేయకండి. అది గట్టి కార్బను ఉక్కు. అతుకు పక్కన గాజు లెక్క పెళుసైపోయి, రాయి తగలగానే పుటుక్కుమంటుంది. నీళ్ళు పోసి చల్లార్చితే మరీ చెడుతుంది. రంధ్రాలు వేయించి బోల్టులతో బిగించండి. అరిగినప్పుడు తిప్పి వేసుకోవచ్చును కూడ. వడ్ల కోసమైతే ఈ ఉక్కు అంచు అసలే వద్దు. పాత టైరు గోడనుంచి కోసిన రబ్బరు పట్టీ బిగించండి. గింజ నలగదు, కల్లం గచ్చు లేవదు. నన్నడిగితే వడ్ల కుప్ప తోయడానికి బకెట్టు కూడ అనవసరం. చేతుల కొనలకు బకెట్టు తీసి ఒక 6 అడుగుల చెక్క పలక, దాని కింద రబ్బరు పట్టీ కట్టుకొంటే చాలు. మబ్బు పట్టిన సాయంత్రం దాని విలువ తెలుస్తుంది.

కీళ్ళలో పిన్నులకు ఇంటి కప్పుకు వాడే ఇనుప చువ్వ పనికిరాదు. పాత యాక్సిల్ ముక్కను లేతుమీద పట్టించి, బుష్ వేయించి, గ్రీజు నిపిల్ పెట్టించండి. ఇక్కడ నూరు రూపాయలు మిగుల్చుకోబోతే కీలు వదులై చేతులు ఒకదానికొకటి పోటీగా నడుస్తాయి.

పాతది కొనకూడనివి కొన్ని ఉన్నాయి. రబ్బరు గొట్టాలు కొత్తవే కొనండి. వాటిమీద అచ్చువేసిన ఒత్తిడి అంకె మీ బండి పంపు ఒత్తిడికన్న ఎక్కువ ఉండవలెను. జాకీ సీళ్ళు కొత్తవి వేయించండి. పాత జాకీని బండికి తగిలించేముందు విప్పి డీజిలుతో కడగకపోతే, అందులోని ఇసుక, తుప్పు నూనెతో కలిసి మీ ట్రాక్టరు పంపును తినివేస్తుంది. చవకగా వచ్చిన జాకీకి పంపు ఖరీదు కట్టినట్లవుతుంది.

గొట్టం ఎక్కడో సన్నగా కారుతున్నదని వేలుపెట్టి తడమకండి సుమా! సూదిమొనంత రంధ్రంనుంచి వచ్చే నూనె చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది, నొప్పి కూడ మొదట ఉండదు. లోపల కండ కుళ్ళి వేలు తీసివేయవలసి వస్తుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. ఒకవేళ తగిలితే పసుపు అద్దుకొని ఊరుకోక, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోయి, యంత్రం నూనె లోపలికి దిగిందని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి.

డ్రమ్ము కోసి బకెట్టు చేద్దామనుకొనేవారికి ఒక మాట. పెట్రోలు, డీజిలు, పురుగుమందు, ఏదో తెలియని రసాయనం ఉన్న డ్రమ్మును గ్యాసుతోగాని వెల్డింగుతోగాని ముట్టుకోకండి. ఖాళీ డ్రమ్ములోని ఆవిరే పేలుతుంది. పురుగుమందు డ్రమ్ము వడ్లకు ఏవిధంగానూ పనికిరాదు.

బండికి ఎక్కడ తగిలించాలి? లారీకున్నట్లు ట్రాక్టరుకు కింద ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్చు పెట్టె, గేరుపెట్టె ఒకదానికొకటి బోల్టులతో కలిసి అవే వెన్నెముకగా నిలుస్తాయి. అవి పోతపోసిన ఇనుము. లోడరును ఇంజను ముందరి బ్రాకెట్టుకు మాత్రమే తగిలిస్తే, కుప్పను పొడిచిన ప్రతిసారీ ఆ దెబ్బ క్లచ్చు పెట్టె దగ్గర పడి, ఒకనాడు బండి నడుమకు విరుగుతుంది. కనుక రెండు పక్కలా ఛానలు వేసి వెనుక ఇరుసు గొట్టం దాకా తీసుకొనిపోయి అక్కడ బోల్టులతో పట్టించండి. పోతపోసిన పెట్టెకు నేరుగా వెల్డింగు పెట్టనివ్వకండి, మేస్త్రీ ఎంత నమ్మకంగా చెప్పినా. బండిమీద వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పి పెట్టండి.

బకెట్టును వంచడానికి మరి రెండు జాకీలు, మరొక లీవరు కావాలని కొందరు భయపడతారు. అక్కరలేదు. మొదటి రోజుల లోడర్లకు అవి లేనే లేవు. బకెట్టు కీలును సరుకు బరువుకు కొంచెం వెనుకగా పెట్టి, వెనుక ఒక గొళ్ళెం వేస్తారు. డ్రైవరు తాడు లాగితే గొళ్ళెం ఊడి, నిండిన బకెట్టు తనంత తానే ముందుకు వంగి ఒలికిపోతుంది. ఖాళీ అయ్యాక నేలకు దింపితే వెనక్కి పడి గొళ్ళెం పడుతుంది. ట్రాలీ ఎత్తడానికి బండికున్న ఒక్క గొట్టం కనెక్షనే దీనికి చాలును. చేతులు తమ బరువుకే కిందికి దిగుతాయి కాబట్టి, దిగే వేగం తగ్గించడానికి గొట్టంలో సన్న రంధ్రపు బిళ్ళ ఒకటి వేయించుకోవాలి. అది జాకీ మూతి దగ్గరనే ఉండవలెను. అప్పుడు నడుమ గొట్టం పగిలినా చేతులు ధబాలున పడవు.

లేపిన బకెట్టు కింద ఎవరూ నిలబడరాదు, గ్రీజు పెట్టడానికి కూడ. పని ఉంటే పైపు ఊత పెట్టాకనే. పిల్లలను బకెట్టులో కూర్చోబెట్టి తిప్పడం, మామిడికాయలు తెంపడానికి మనిషిని ఎత్తడం నేను జగిత్యాల తోటలలో చూసినాను. గొళ్ళెం ఊడితే ఆ మనిషి చక్రం ముందరనే పడతాడు.

ప్రభుత్వపు మాట కూడ చెప్పవలెను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన తీరునుంచి మార్చడానికి ఆంక్షలున్నాయి. అందుచేత లోడరును ఊడదీయడానికి వీలుగా పిన్నులమీద కట్టుకోండి; రోడ్డెక్కేముందు విప్పి ఇంటి దగ్గర పెట్టండి. లోడరుతో రోడ్డుమీద ప్రమాదమైతే బీమా దగ్గర చిక్కు వస్తుంది. సబ్సిడీ పరీక్షింపబడిన యంత్రాలకే గాని ఇంట్లో కట్టినవాటికి రాదు. యంత్రాల సంగతి పద్ధతిగా నేర్చుకొందామనే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. మన పొలాస పరిశోధన స్థానంలోని శాస్త్రజ్ఞులనూ కలిసి మాట్లాడవచ్చును. గ్రామ విస్తరణ అధికారులకు నా మనవి: ఏ ఊళ్ళో రైతు లోడరు కడుతున్నాడని విన్నా, వద్దని చెప్పి రాకుండ, ముందర ఇరుసు లెక్క వేసి ఇచ్చి రండి.

కట్టడం ముగిసిన రోజున పెంటకుప్ప మీదికి ఉరకకండి. గట్టి నేలమీద, వెనుక బరువు తగిలించి, తూచిన వడ్ల సంచులు బకెట్టులో పెట్టండి. ముందు ఒకటి, తరువాత రెండు, తరువాత మూడు. ఒక్కొక్కసారి మోకాలెత్తు మాత్రమే లేపి, ఇంజను ఆపి, పావుగంట ఆగి చూడండి. జాకీ జారుతున్నదా, అతుకు పక్కన రంగు చిట్లిందా, ముందర టైర్లు ఎంత నలిగినాయి? అప్పుడు బకెట్టును మోకాలి ఎత్తులోనే ఉంచి మెల్లగా నడిపి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పండి. మూడు సంచులతో స్టీరింగు బిగుసుకొంటే మీ బండికి రెండు సంచులే హద్దు. ఆ అంకెను బకెట్టు వెనుక, డ్రైవరుకు కనబడేటట్లు, తెల్లరంగుతో రాయించండి. రేపు బండి నడిపేది మీరే కాకపోవచ్చును.